పాత అంబాసిడర్‌కు వ్యాక్యూమ్ సర్వో బ్రేకు: ఇంటి దగ్గరే అమర్చుకొనే విధానం

సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ చేరే ఘాట్ రోడ్డు మీద పాత అంబాసిడర్‌ను నడిపినవారికి దాని బ్రేకు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఎక్కేటప్పుడు శ్రమంతా ఇంజినుది, దిగేటప్పుడు శ్రమంతా నడిపేవారి కుడికాలి పిక్కది. మా ఇంట్లో ఉన్నది 1968 నాటి మార్క్ టూ. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పెడల్ నేలలోంచి పైకి వస్తుంది, తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ నేల పలక కింద చాసిస్‌ను ఆనుకొని ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు వచ్చాక మా నాన్నగారు ఆ బండిని సెమిలిగుడ సంత దాకా కూడా నడపలేకపోయారు. ఆయన మళ్ళీ స్టీరింగ్ ముందు కూర్చోవాలన్న కోరికతోనే, కాలి బలానికి తోడయ్యే వ్యాక్యూమ్ సర్వోను అమర్చే పని నేర్చుకొని, మా పెరట్లో నాలుగు ఆదివారాలలో పూర్తి చేశాను. ఇదే రకం బండి ఉన్నవారికి, చేతికి పానా పట్టడం కొంత అలవాటు ఉన్నవారికి ఉపయోగపడేలా మొదటి నుంచి చివరి వరకు వివరిస్తున్నాను. అయితే బ్రేకు గొట్టం ఎన్నడూ విప్పనివారు అనుభవమున్న మెకానిక్‌ను పక్కన ఉంచుకొనే మొదలుపెట్టాలి.

సర్వో చేసే పని, చేయని పని

పెట్రోలు ఇంజిను గాలిని లోపలికి పీల్చుకొనేటప్పుడు గాలిదారిలోని రేకు, అంటే థ్రాటిల్, మూసి ఉంటే సిలిండర్లకు గాలిని చేర్చే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి పలచబడుతుంది. ఆ పలచదనాన్నే మెకానిక్కులు వ్యాక్యూమ్ అంటారు. సర్వో డబ్బాలో ఒక రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్, ఉంటుంది. బ్రేకు తొక్కనప్పుడు దానికి రెండు వైపులా వ్యాక్యూమే ఉంటుంది. తొక్కగానే ఒక వాల్వు తెరుచుకొని ఒకవైపుకు బయటి గాలిని వదులుతుంది, ఆ గాలి డయాఫ్రమ్‌ను రెండో వైపుకు నెడుతుంది, ఆ నెట్టుడు మన కాలి బలానికి తోడవుతుంది. రిమోట్ సర్వోలో ఈ పని పెడల్ దగ్గర జరగదు. మాస్టర్ సిలిండర్ నుంచి వచ్చే ఆయిల్ సర్వోకు చేరి, అక్కడ దాని ఒత్తిడి పెరిగి, తరువాత చక్రాలకు వెళుతుంది. ఒకవేళ వ్యాక్యూమ్ అందకపోయినా ఆయిల్ సర్వోలోని పిస్టన్ మధ్య రంధ్రం గుండా చక్రాలకు పోతూనే ఉంటుంది కనుక బ్రేకు పూర్తిగా పోదు, పాత బరువైన బ్రేకు మిగులుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. సర్వో కాలికి సాయం చేస్తుందే తప్ప డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకొని ఆపే లైనింగుకు కొత్త పట్టు ఇవ్వదు, వేడిని తగ్గించదు. కోరాపుట్‌కూ సాలూరుకూ ఎత్తులో సుమారు 700 మీటర్ల తేడా ఉంది. మనుషులతో, సామానుతో 1,400 కిలోల బరువైన కారు ఆ ఎత్తు దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి మూడున్నర లీటర్ల చల్లని నీటిని పూర్తిగా ఆవిరి చేసేంత ఉంటుంది. ఆ శక్తిలో ఎంత భాగాన్ని ఇంజిను భరిస్తుందో, ఎంత భాగం డ్రమ్ముల్లోకి పోతుందో మనం వేసే గేరు నిర్ణయిస్తుంది. సర్వో ఉందన్న ధైర్యంతో టాప్ గేరులో దిగితే డ్రమ్ములు కాగి, వ్యాకోచించి, పెడల్ క్రమంగా కిందికి దిగిపోతుంది. కాలికి బరువు తెలియదు కనుక ఆ ప్రమాదాన్ని ఆలస్యంగా గుర్తిస్తాం.

మన ఎత్తులో వ్యాక్యూమ్ లెక్క

సముద్రమట్టం దగ్గర ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజిను ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడిచేటప్పుడు, పాదరసం కొలమానంలో 17 నుంచి 21 అంగుళాల వ్యాక్యూమ్ చూపుతుంది. ఎత్తు ప్రతి వెయ్యి అడుగులకూ అది సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి విశాఖపట్నంలో 20 అంగుళాలు చూపిన ఇంజిను ఇక్కడ 17 దగ్గర నిలబడటం సహజం. 7 అంగుళాల వ్యాసం ఉన్న డయాఫ్రమ్ మీద 20 అంగుళాల వ్యాక్యూమ్ సుమారు 170 కిలోల బలాన్ని ఇస్తే, 17 అంగుళాల వ్యాక్యూమ్ 145 కిలోలు ఇస్తుంది. పిస్టన్ రింగులు అరిగి 13 అంగుళాలకు పడిపోయిన ఇంజిను 110 కిలోలు మాత్రమే ఇవ్వగలదు. ఇవి స్ప్రింగు, రాడ్డుల వల్ల పోయేదాన్ని తీసివేయని లెక్కలు. కనుక చేతికి వచ్చేది ఇంకా తక్కువే.

అందువల్ల సర్వో కొనడానికి ముందే వ్యాక్యూమ్ గేజీతో ఇంజినును చూడాలి. వేడెక్కిన ఇంజిను ఐడిల్‌లో 15 అంగుళాల కంటే తక్కువ చూపితే ముందుగా ట్యాపెట్లు సర్దాలి, ఇగ్నిషన్ టైమింగు చూడాలి, మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర గాలి లాగుతోందేమో పరిశీలించాలి. ముల్లు క్రమం తప్పకుండా ఒకే తీరున కొట్టుకుంటూ ఉంటే ఒక వాల్వు సరిగా కూర్చోవడం లేదని అర్థం. ఇంజిను బాగుపడకుండా పెట్టిన సర్వో డబ్బు దండుగ. డీజిల్ ఇంజిను వేయించిన అంబాసిడర్లకు ఈ పద్ధతి నేరుగా పనికిరాదు. అందులో థ్రాటిల్ ఉండదు కాబట్టి మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ పుట్టదు, ఆల్టర్నేటర్ వెనక వ్యాక్యూమ్ పంపు ఉన్న రకాన్ని వేసుకోవాలి.

ముందు పాత బ్రేకును నిలబెట్టాలి

పనిలో సగం ఇదే, నా దృష్టిలో ముఖ్యమైన సగం కూడా ఇదే. రిమోట్ సర్వో గొట్టాల్లోని ఒత్తిడిని దాదాపు రెట్టింపు చేస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా తక్కువ ఒత్తిడికి అలవాటుపడిన రబ్బరు గొట్టం, తుప్పు పట్టిన ఇనుప గొట్టం, చక్రం దగ్గర లైనింగును డ్రమ్ముకు నెట్టే, గీతలు పడిన వీల్ సిలిండర్ అన్నీ ఒక్కసారిగా ఆ కొత్త ఒత్తిడిని భరించాల్సి వస్తుంది. మా బండికి అంతకు ముందు ఒక షెడ్డులో పాత గొట్టాలు మార్చకుండానే సర్వో పెట్టి ఇచ్చారు. వారం తిరగకముందే పొట్టంగి దగ్గర వెనక చక్రం సిలిండర్ కారిపోయి పెడల్ నేలను తాకింది. హ్యాండ్ బ్రేకు, మొదటి గేరు, కుడివైపు కొండ గట్టు, ఈ మూడింటి వల్ల బతికి బయటపడ్డాం. ఆ రోజే సర్వోను విప్పించి పని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

బండిని సమతలమైన గట్టి నేల మీద నిలిపి, చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డు పెట్టి, జాకీతో లేపి, చాసిస్ కింద ఇనుప స్టాండ్ల మీద దించాలి. ఇటుకల మీద, ఒక్క జాకీ మీద బండిని నిలిపి కిందికి దూరరాదు. డ్రమ్ములు విప్పాక లోపలి దుమ్మును నోటితోగాని, గాలి పంపుతోగాని ఊదరాదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి చేరితే తరువాత తీయలేం. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. డ్రమ్ములో వేలి గోటికి తగిలే గాడులుంటే లేత్‌లో పని చేయించాలి. పక్కపక్క చక్రాల డ్రమ్ములకు తేడా లేకుండా రెండింటినీ ఒకే కొలతకు తీయించాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపుకు లాగుతుంది.

వీల్ సిలిండర్లలో రబ్బరు కప్పులు మాత్రమే మార్చడం మన దగ్గర అలవాటు. లోపలి గోడ అద్దంలా నునుపుగా ఉంటే అది చాలు, చిన్న గుంటలు కనిపిస్తే సిలిండరే మార్చాలి. ముందు డ్రమ్ములో రెండేసి సిలిండర్లున్న బండ్లలో రెండూ కలిపే మార్చాలి. మాస్టర్ సిలిండర్‌కు కొత్త కిట్టు వేయాలి, మూడు రబ్బరు గొట్టాలూ కొత్తవి వేయాలి. రబ్బరు భాగాలను పెట్రోలుతోగాని, కిరోసిన్‌తోగాని, ఇంజిన్ ఆయిల్‌తోగాని కడగరాదు. అవి తగిలిన కప్పులు ఉబ్బిపోయి ఇరుక్కుంటాయి. శుభ్రమైన బ్రేక్ ఆయిల్‌తో తడిపి మాత్రమే బిగించాలి.

ఈ పనంతా అయ్యాక సర్వో లేకుండానే వారం రోజులు బండి నడపాలని నా గట్టి సలహా. లోపాలుంటే తక్కువ ఒత్తిడిలోనే బయటపడతాయి.

ఏ రకం సర్వో

పెడల్ పైనుంచి వేలాడే తరువాతి నమూనాలలో సర్వో డబ్బాను ఇంజినుకూ మనం కూర్చునే చోటుకూ మధ్యనున్న ఫైర్‌వాల్ గోడ మీద, పెడల్‌కూ మాస్టర్ సిలిండర్‌కూ మధ్య బిగించవచ్చు. అందులో తోపుడు రాడ్డుకూ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కూ మధ్య సుమారు అర మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. రాడ్డు పొడవెక్కువైతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక, ఆయిల్ వెనక్కి వచ్చే చిన్న రంధ్రం మూసుకుపోయి, నాలుగైదు కిలోమీటర్లకే బ్రేకులు పట్టేస్తాయి. మాస్టర్ సిలిండర్ రంధ్రం వ్యాసాన్ని కూడా ఆలోచించి ఎంచుకోవాలి. ముప్పావు అంగుళం రంధ్రానికి 285 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యం ఉంటే ఒక అంగుళం రంధ్రానికి 507 ఉంటుంది. పెద్ద రంధ్రం పెడితే పెడల్ ప్రయాణం తగ్గుతుంది, కానీ అదే బలానికి వచ్చే ఒత్తిడి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది.

నేల పెడల్ ఉన్న మావంటి బండ్లకు రిమోట్ సర్వోయే సరైనది. బాడీని కోయనక్కరలేదు, ఎప్పుడైనా విప్పి పాత స్థితికి తేవచ్చు. ఇందులో చట్టానికి సంబంధించిన మేలు కూడా ఉంది. 2021లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ తరగతిలో నమోదు చేసుకోవచ్చు, కానీ చాసిస్, బాడీ, ఇంజినుల్లో పెద్ద మార్పులు లేకుండా బండి అసలు రూపంలో ఉండాలి. ఆ నమోదు ఆలోచన ఉన్నవారు పని మొదలుపెట్టక ముందే తమ రవాణా కార్యాలయంలో అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.

పాత బండికి ఒకే ఆయిల్ మార్గం ఉంటుందని, ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుందని గుర్తుంచుకోవాలి. సర్వో ఈ బలహీనతను తొలగించదు. కాబట్టి హ్యాండ్ బ్రేకు కేబుల్‌ను ఈ పనిలో భాగంగానే కొత్తది వేసి, ఘాట్ వాలులో బండిని నిలపగలిగేలా సర్దాలి.

చోటు, గొట్టాలు

సర్వో డబ్బాకు చోటు వెతికేటప్పుడు మూడు విషయాలు చూడాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడి తగలకూడదు. అంబాసిడర్ 1,489 సీసీ ఇంజినుకు కార్బురేటరు, ఎగ్జాస్టు రెండూ ఎడమవైపే ఉంటాయి కనుక కుడివైపు లోపలి గోడ మేలు. వర్షపు నీరు గాలి ఫిల్టర్ మీద పడకూడదు, మన ప్రాంతపు వానలకు ఇది చిన్న విషయం కాదు. డబ్బా వంపు తయారీదారు చెప్పిన కోణంలోనే ఉండాలి. సాధారణంగా ఆయిల్ బయటికి వెళ్ళే కొన పైకి ఉంటేనే లోపలి గాలి తేలికగా బయటపడుతుంది. పలచని రేకుకు నేరుగా బిగించకుండా వెనక 3 మి.మీ. ఇనుప పలక పెట్టి బిగించాలి, లేకుంటే కంపనానికి రేకు చీలుతుంది.

ఆయిల్ గొట్టం దారి సులువైనదే. మాస్టర్ సిలిండర్ నుంచి బయలుదేరే గొట్టం ముందు వెనక చక్రాలకు విడిపోయే జాయింటుకు చేరక ముందే దాన్ని సర్వోకు మళ్ళించి, సర్వో నుంచి తిరిగి ఆ జాయింటుకు తేవాలి. 3/16 అంగుళాల ఉక్కు గొట్టంగాని, రాగి నికెల్ మిశ్రమ గొట్టంగాని వాడాలి. వట్టి రాగి గొట్టం కంపనానికి గట్టిపడి పగులుతుంది. కొనలను డబుల్ ఫ్లేర్ చేయాలి, అంటే రెండు మడతలుగా గరాటులా విప్పాలి. చేతికి ఆ పరికరం లేకపోతే కొలతలు ఇచ్చి జయపురంలోనో, విశాఖపట్నం ఆటోనగర్‌లోనో చేయించి తెచ్చుకోవచ్చు. మధ్యలో బిగింపు రింగుల జాయింట్లు వాడకండి, అవి నీటి గొట్టాలకు సరిపోతాయిగాని బ్రేకుకు కాదు.

నట్టుల విషయంలో ఒక మోసం దాగి ఉంది. పాత అంబాసిడర్ నట్టులు 3/8 అంగుళాల సన్న మరవి, కొత్త సర్వోల రంధ్రాలు తరచుగా 10 మి.మీ. మరవి. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అంగుళాల నట్టు మిల్లీమీటర్ల రంధ్రంలోకి వదులుగా దిగి, బిగిసినట్టే అనిపించి, పూర్తి ఒత్తిడిలో మర తెగి ఊడిపోతుంది. ప్రతి నట్టునూ వేళ్ళతో నాలుగు చుట్లు తిప్పి చూసి, వదులుగా ఊగితే అక్కడే ఆగి సరైన అడాప్టర్ తెచ్చుకోవాలి.

వ్యాక్యూమ్ తీసుకోవడానికి మానిఫోల్డ్‌కు రంధ్రం వేయవలసి వస్తే దాన్ని ఇంజిను నుంచి పూర్తిగా విప్పి, బల్ల మీద పెట్టి వేయాలి. ఇంజిను మీద ఉండగానే వేస్తే లోహపు పొట్టు సిలిండర్లలోకి పోతుంది. డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్ళే సన్న గొట్టం నుంచి సర్వోకు వ్యాక్యూమ్ తీయరాదు, అది సరిపోదు. వాడే గొట్టం వ్యాక్యూమ్‌కే తయారైన మందపాటిది కావాలి. మామూలు పెట్రోలు గొట్టం వేడికి మెత్తబడి లోపలికి అతుక్కుపోతుంది, సరిగ్గా గట్టిగా తొక్కిన వేళకే సాయం ఆగిపోతుంది. గాలి వెనక్కి పోకుండా ఆపే వాల్వును బాణం గుర్తు ఇంజిను వైపు ఉండేలా, సర్వోకు దగ్గరగా బిగించాలి. గొట్టం సర్వో నుంచి మానిఫోల్డ్ వైపు వాలుగా ఉంటే పెట్రోలు ఆవిరి డయాఫ్రమ్ దగ్గర చేరదు.

గాలి తీయడం

డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్త డబ్బాను అప్పుడే తెరిచి వాడాలి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగని ఆయిల్, తేమ చేరాక 155 డిగ్రీల దగ్గరే మరగవచ్చు. డాట్ 3కి ఆ లెక్క 205, 140. ఆషాఢం నుంచి కార్తీకం దాకా పొగమంచు, వానలు వదలని పొట్టంగి వైపు నివసించేవారు సగం వాడిన డబ్బాను మరుసటి ఏడాదికి దాచుకోరాదు. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను దీనితో కలపరాదు. రంగు మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్ళతో కడగాలి.

ఇంజిను ఆపి, పెడల్‌ను అయిదారుసార్లు తొక్కి సర్వోలోని వ్యాక్యూమ్ ఖాళీ చేసి, ఆయిల్ గొట్టాల్లో చేరిన గాలిని తీయడం మొదలుపెట్టాలి. సర్వో మీద గాలి తీసే నిపిల్ ఉంటే ముందు అక్కడ, తరువాత మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి దగ్గరికి, అంటే వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరుసలో తీయాలి. నిపిల్‌కు పారదర్శక గొట్టం తగిలించి, దాని కొనను కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. మా తమ్ముడు లోపల కూర్చొని నేను "తొక్కు" అనగానే నెమ్మదిగా తొక్కి పట్టుకొనేవాడు, నేను నిపిల్ తెరిచి మూసి "వదులు" అనేవాణ్ణి. మూయక ముందే పెడల్ వదిలితే గాలి తిరిగి లోపలికి పోతుంది. ప్రతి అయిదు తొక్కుళ్ళకోసారి మాస్టర్ సిలిండర్ డబ్బాలో ఆయిల్ మట్టం చూసుకోవాలి. ఒక్కసారి డబ్బా ఖాళీ అయితే పనంతా మొదటికి వస్తుంది.

రోడ్డెక్కే ముందు

ఇంజిను ఆపి ఉండగా పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, చివరిసారి గట్టిగా పట్టుకొని ఇంజిను స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద కొద్దిగా దిగాలి. దిగకపోతే వ్యాక్యూమ్ అందడం లేదు. తరువాత ఇంజిను రెండు నిమిషాలు నడిపి, ఆపి, అయిదు నిమిషాల తరువాత తొక్కి చూడండి. మొదటి రెండు తొక్కుళ్ళకైనా సాయం అందాలి. అందకపోతే వెనక్కి ఆపే వాల్వు గాని, గొట్టం గాని కారుతోంది. చివరగా ఇంజిను నడుస్తుండగా పెడల్‌ను మీ బలమంతా పెట్టి ఒక నిమిషం తొక్కి పట్టుకొని, మరొకరిని టార్చితో ప్రతి జాయింటునూ చూడమనండి. ఒక్క చుక్క కనిపించినా బండి కదలకూడదు.

ఖాళీ మైదానంలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి, క్రమంగా పెంచుతూ బ్రేకు వేసి చూడాలి. బండి ఒకవైపుకు లాగుతోందా, వెనక చక్రాలు ముందే జారుతున్నాయా అన్నది ముఖ్యం. సర్వో ముందు వెనక చక్రాల ఒత్తిడిని సమానంగా పెంచుతుంది కనుక తడిరోడ్డు మీద వెనక చక్రాలు లాక్ అయ్యే అవకాశం పెరుగుతుంది. ఎండిన నేల మీదే అవి జారుతుంటే లైనింగు అతికిన షూల సర్దుబాటు, లైనింగుల రకం, వెనక టైర్లలోని గాలి చూడకుండా ఘాట్‌కు వెళ్ళరాదు. కొత్త లైనింగులు కుదురుకోవడానికి మధ్యలో చల్లారనిస్తూ ఇరవైసార్లు 40 నుంచి 10 కిలోమీటర్లకు నెమ్మదిగా వేగం తగ్గించాలి.

మొదటి ఘాట్ పరీక్షకు ఉదయం పూట, బరువు లేకుండా, పొట్టంగి నుంచి సుంకి వైపు దిగాను. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత నియమం సర్వో వచ్చాక కూడా మారదు. పెట్రోలు ఆదా కోసం ఇంజిను ఆపి న్యూట్రల్‌లో దింపే అలవాటు మన రోడ్ల మీద ఇంకా ఉంది. సర్వో ఉన్న బండిలో అది మరింత ప్రమాదం. నిల్వ ఉన్న వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్ళతో అయిపోయి, తేలిక పెడల్‌కు అలవాటైన కాలు నాలుగో మలుపులో హఠాత్తుగా బండరాయిని తొక్కినట్టవుతుంది. ఇంజిను నడుస్తూ గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే మాత్రం మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ గరిష్ఠంగా ఉంటుంది, కాబట్టి సరిగ్గా దిగుతున్నంతసేపూ సర్వోకు లోటు ఉండదు.

కిందికి చేరాక నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి ఆనించకుండా వేడిని గమనించాలి. ఒక చక్రం మిగతా వాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ షూ పట్టేస్తోంది. 500 కిలోమీటర్ల తరువాత సర్వో బోల్టులు, గొట్టపు క్లిప్పులు మళ్ళీ బిగించి షూలను ఒకసారి సర్దాలి. సర్వో గాలి ఫిల్టర్‌ను వానాకాలం ముగిసిన ప్రతిసారీ విప్పి శుభ్రం చేయాలి, బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాలి. మార్చిన తేదీని, కిలోమీటర్లను చిన్న కాగితం మీద రాసి బానెట్ లోపల అతికించాను. మా నాన్నగారు ఇప్పుడు ప్రతి గురువారం ఆ కాగితం చదివి, ఆయిల్ మట్టం చూసి, తరువాతే బండి తీస్తారు.